కోసింది అతకనివ్వదు!

మందుల చీటీలో సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ పేర్లు చాలా ఇళ్లకు పరిచయమే. పేరు చివర 'ఫ్లాక్సాసిన్' ఉందంటే అది క్వినొలోన్ల కుటుంబానిదే. ఇంతకీ ఆ బిళ్ల బ్యాక్టీరియాను ఎలా చంపుతుంది?

ఈ.కొలై బ్యాక్టీరియా పొడవు మిల్లీమీటరులో 500వ వంతు. దాని డీఎన్‌ఏ దారాన్ని సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు! బ్యాక్టీరియా రెండుగా చీలాలంటే ముందు ఆ దారానికి నకలు తీయాలి. అందుకు మెలితిరిగిన రెండు పోగులూ విడిపోవాలి. పురిపెట్టిన తాడును మధ్యలో విడదీసి చూడండి... అవతలివైపు పురి బిగుసుకుపోతుంది. ఇక్కడా అంతే.

అప్పుడు ఆదుకునేది డీఎన్‌ఏ గైరేజ్ అనే ఎంజైము. అది రెండు పోగుల్నీ కోసి, ఆ సందులోంచి పక్కనున్న దారాన్ని దాటించి, మళ్లీ అతికిస్తుంది. పురి సడలుతుంది. నకలు పూర్తయ్యాక గొలుసు లంకెల్లా చిక్కుకున్న రెండు దారాల్నీ విడదీసే బాధ్యత టోపోఐసోమరేజ్-4ది.

క్వినొలోన్ సరిగ్గా కోసినచోట చేరుతుంది. అతకనివ్వదు. ఎంజైము అక్కడే ఇరుక్కుంటుంది. నకలు పని ఆగిపోతుంది. దారం ముక్కలై బ్యాక్టీరియా చస్తుంది. మనలోనూ ఇలాంటి ఎంజైములున్నా వాటి నిర్మాణం వేరు. మామూలు మోతాదులో మందు వాటిని పెద్దగా పట్టుకోదు.

తమాషా ఏంటంటే, ఈ కుటుంబంలో తొలి మందు మలేరియా మాత్ర క్లోరోక్విన్ పుణ్యమే. దాని తయారీలో వచ్చిన ఉప ఉత్పత్తి ఆధారంగా జార్జ్ లెషర్ బృందం 1962లో నాలిడిక్సిక్ ఆమ్లాన్ని వెలుగులోకి తెచ్చింది. గైరేజ్‌ను మార్టిన్ గెల్లర్ట్ బృందం గుర్తించింది మాత్రం 1976లో!

అయితే బ్యాక్టీరియా కూడా తక్కువదేం కాదు. గైరేజ్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారినా మందు పట్టు సడలుతుంది. ఒకప్పుడు టైఫాయిడ్‌కు సిప్రో తిరుగులేని అస్త్రం. ఇప్పుడు మనదేశంలో చాలామందికి అది పనిచేయడం లేదు. పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. అలాంటి నీటిలో మిగిలేది మందుకు లొంగని బ్యాక్టీరియానే.

అందుకే అన్నకు రాసిన బిళ్ల చెల్లికి వేయొద్దు. పాలతో కలిపి మింగొద్దు, కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. మడమ దగ్గర నరం లాగినట్టు నొప్పొస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. అవసరం లేకుండా వేసుకునే ప్రతి బిళ్లా బ్యాక్టీరియాకు ఉచితంగా చెప్పే పాఠమే!