పింగాణీ బొమ్మ పుట్టుక

ఉద్యోగరీత్యా ఊళ్లు మారేవారి ఇళ్లలో, సామాను విప్పేనాడు ఏదో ఒకటి విరిగి బయటపడక తప్పదు. మేము బడ్జ్ బడ్జ్ చేరిన తరువాత వచ్చిన తొలి సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చబోగా, అమ్మమ్మగారు ఇచ్చిన పింగాణీ సరస్వతికి వీణ మీటే వేలు విరిగి కనిపించింది. విరిగినచోట గాజువలె మెరిసే తెలుపును చూసి, “ఇది నిజంగా మట్టేనా?” అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

హుగ్లీ తీరంలో ఇటుక బట్టీలు మనకు కొత్త కావు. నది తెచ్చిన ఒండ్రుమట్టిలో ఇనుము ఉంటుంది కనుక కాలిన ఇటుక ఎర్రబడుతుంది. పింగాణీకి ఆ మట్టి పనికిరాదు. ఇనుము బహు స్వల్పంగా ఉండే తెల్లని చైనా క్లే కావాలి. స్వదేశీ ఉద్యమకాలంలో కలకత్తా పాటరీ వర్క్స్ అటువంటి మట్టిని రాజమహల్ కొండల నుండి తెప్పించుకొని కప్పులు, సిరాబుడ్లు, బొమ్మలు తయారుచేసింది. జపానులో ఈ విద్య నేర్చివచ్చిన సత్యసుందర దేవ్ ఆ కృషికి సారథి. చైనావారు వెయ్యేళ్లకు పైగా ఎరిగిన ఈ రహస్యం ఐరోపాకు చిక్కి, జర్మనీలోని మైసెన్‌లో కర్మాగారం వెలసినది 1710లో. 1731లో అక్కడ చేరిన కేండ్లర్ అనే శిల్పి పింగాణీ బొమ్మకు శిల్పగౌరవం కల్పించాడు. ఐరోపా పింగాణీ సొగసును మనవారు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడవచ్చు.

ఇక తయారీ విధానం. సుమారు సగం చైనా క్లే, మిగిలిన సగంలో పలుగురాతి పొడి, ఫెల్డ్‌స్పార్ కలిపి మెత్తగా నూరి, నీటితో చిక్కని పాలవంటి ద్రవంగా చేస్తారు. శిల్పి చెక్కిన నమూనాను తల, మొండెం, చేతులు అంటూ విడదీసి, ఒక్కొక్క భాగానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు తీస్తారు. అచ్చులో పోసిన ద్రవం నుండి ప్లాస్టర్ నీటిని పీల్చుకోగా, లోపలి అంచున మట్టి పొర గట్టిపడుతుంది. మిగిలిన ద్రవాన్ని వంపేస్తే డొల్లగా ఉన్న భాగం చేతికి వస్తుంది. భాగాలను అదే ద్రవంతో అతికి, అతుకులు గీకి, తడికుంచెతో నునుపు చేస్తారు. పూరేకులు, వేళ్లు వంటి సున్నితమైన వాటిని చేతితోనే దిద్దుతారు.

అసలు పరీక్ష అగ్నిలో ఉన్నది. నిదానంగా ఆరిన బొమ్మను మొదట సుమారు 900 నుండి 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి, మెరుగుపూతలో ముంచి, మళ్లీ 1300 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. అప్పుడు ఫెల్డ్‌స్పార్ కరిగి, మట్టిరేణువుల సందులను గాజువలె పూడుస్తుంది. ఆ వేడికి బొమ్మ మెత్తబడి, చాచిన చేయి వాలిపోవచ్చు. కనుక అదే మట్టితో చేసిన ఊతలు పెడతారు. బొమ్మ కుదించుకుపోయినప్పుడు ఊత కూడా అంతే కుదించుకుపోవాలి కదా! ఆరు అంగుళాల బొమ్మ కావాలంటే శిల్పి సుమారు ఏడు అంగుళాల నమూనా చెక్కవలసి ఉంటుంది. కనిపించని ఆ అంగుళాన్ని ముందుగానే మనసులో చూడగలగడమే ఈ పనివాని విద్య. లెక్క తప్పినా, తేమ మిగిలినా, వారాల శ్రమ బట్టీలోనే బీటలువారుతుంది.

మా సరస్వతికి కొత్త వేలు పుట్టించడం సాధ్యం కాదని మాకు అప్పుడు బోధపడింది. ఒకసారి గాజైన మట్టి తిరిగి మెత్తని మట్టి కాదు. పచ్చిమట్టి వేలు దానికి అతకదు. అయినా ఆ ఏడు కొలువులో పై మెట్టు ఆమెకే ఇచ్చాము. మీ ఇంట పింగాణీ బొమ్మ ఉంటే ఒకసారి జాగ్రత్తగా తిరగేసి చూడండి. అడుగున చిన్న రంధ్రం ఉండవచ్చు. బట్టీలో వేడెక్కిన గాలి బయటపడి బొమ్మ పగలకుండా, పేరు తెలియని పనివాడు చేసిన ఏర్పాటు అది.