రంపపుపొట్టు ఇటుకలు

పెండ్లిపందిటి వంటలయొద్ద వంటవాడు పచ్చికట్టెలను చూచి విసుగుకొనుట మీలో పలువురు చూచియే యుందురు. కట్టె కొననుండి నురుగుతో నీరు కారును. పొగ కన్నులను మండించును. ఎసరు మాత్రము మరుగదు. దీనికి కారణ మేమి? ఈ కారణము తెలిసినచో, ఇంగ్లండు మొదలగు చలిదేశముల గృహస్థులు ఇల్లు వెచ్చజేసికొను ఇనుపపొయ్యిలలో దుంగలకు మారుగా రంపపుపొట్టుతో నదిమిన ఇటుకలను ఏల కాల్చుచున్నారో తేటపడగలదు. ఈ యిటుకలకే బ్రికెట్లని పేరు.

అప్పుడే నరికిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. ఒక కిలోగ్రాము పచ్చికట్టెను పొయ్యిలో నుంచితిమనుకొనుడు. అందు 500 గ్రాముల నీరు కలదు. ఒక గ్రాము నీటిని 20 డిగ్రీల (సెంటిగ్రేడు) నుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 80 కెలోరీలును, పిమ్మట ఆవిరిగా మార్చుటకు సుమారు 540 కెలోరీలును, వెరసి 620 కెలోరీలు వలయును. కావున 500 గ్రాములకు 3,10,000 కెలోరీలు. ఈ వేడితో దాదాపు నాలుగు కిలోగ్రాముల చన్నీటిని తెర్లకాచవచ్చును. అంతటి వేడియు ఎవరికిని ఉపయోగపడక ఆవిరితో కూడ పొగగొట్టమున బోవుచున్నది. పచ్చికట్టెను తూకమునకు కొనువాడు నీటికి వెలయిచ్చి, ఆ నీటిని కాచుటకు మరల కట్టె నష్టపోవుచున్నాడు.

చలిదేశములలో చీల్చిన దుంగలు చక్కగా ఆరుటకు ఒకటి రెండేండ్లు పట్టును. బ్రికెట్టునకు ఆ నిరీక్షణ మక్కరలేదు. కోతమిల్లులలో రాలిన పొట్టును, చిత్రికపేళ్ళను ముందుగా ఎండబెట్టి, యంత్రమున మిక్కిలి ఒత్తిడితో అదుముదురు. అప్పుడు పుట్టిన వేడిమికి కట్టెయందు సహజముగానున్న లిగ్నిన్ అను పదార్థము మెత్తబడి, చల్లారగానే గట్టిపడి, రేణువులను ఒండొంటి కంటించును. కావున సాధారణముగా వేరు జిగురుతో పనిలేదు. మేలైన బ్రికెట్టులో తేమ నూటికి పదిపాళ్ళకు లోబడి యుండును.

తేమగల కట్టె ధననష్టమునే గాక ఆరోగ్యనష్టమును గూడ కలిగించును. సరిగా మండని కట్టెనుండి వెడలు సూక్ష్మమైన మసిరేణువులు ఊపిరితిత్తులలో లోతుగా ప్రవేశించును. అందుచేతనే ఇంగ్లండులో 2021వ సంవత్సరము మే 1వ తేదీనుండి, చిల్లరగా నమ్ము కట్టెలలో తేమ నూటికి 20 పాళ్ళకు మించరాదను నిబంధన అమలునకు వచ్చినది.

ఇక వాడుక విధము. ఎండు చిదుగులతో నిప్పు రాజవేసి, మంట బలపడిన పిదప ఒకటి రెండు బ్రికెట్ల నుంచవలయును. పొయ్యి నిండ పేర్చరాదు. ఏలయన నివి కాలునపుడు ఉబ్బును, దుంగకంటె తీక్ష్ణమైన వేడి నిచ్చును. ఊరక కదపినచో విరిగి పొడియగును. గాలిద్వారమును పూర్తిగా మూసి నిప్పును నిదానింపజూచుట తప్పు. గాలి చాలని మంట పొగగొట్టమున మసిని, తారును పేర్చును. ఒకనాడు అదియే అంటుకొని యింటికి చేటు దెచ్చును. బ్రికెట్లను నేలచెమ్మ తగులకుండ ఇంటిలోపల దాచవలయును. తడిసినచో ఉబ్బి మరల పొట్టగును. యంత్రపు శ్రమ యంతయు వ్యర్థము. రంగు పూసిన చెక్కల పొట్టుతో చేసినవి విషపు పొగ నిచ్చును గనుక వానిని కొనరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. గాలి చాలని నిప్పు కార్బన్ మోనాక్సైడు అను వాయువును పుట్టించును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులో ప్రాణవాయువు చోటును ఆక్రమించి, నిద్రించువారిని నిద్రలోనే చంపగలదు. అందుచే నా దేశములవారు ఏటేట పొగగొట్టమును ఊడ్పించి, ఈ వాయువును కనిపెట్టి మ్రోగు యంత్రమును గదిలో నుంచుదురు. ఇది పరదేశపు సంగతి యని మనము ఊరకుండరాదు. చలికాలపు రాత్రి తలుపులు బిగించి, బొగ్గుల కుంపటి ప్రక్కన పెట్టుకొని పరుండు వారికిని ఇదే యపాయము. పొగ లేదు గదా యని నమ్మరాదు. తల్లిదండ్రు లీ విషయమును గమనింతురు గాక.

మన దేశమునను వేరుసెనగ పొట్టు, వరిఊక, రంపపుపొట్టు మొదలగు వానిని ఇట్లే అదిమి, కర్మాగారముల బాయిలర్లలో కాల్చుచున్నారు. పారవేయదగిన దనుకొన్న పొట్టు, ఎండించి అదిమినంతనే విలువగల సరకగుచున్నది.

విద్యార్థులారా! సెలవులలో ఒక పచ్చికట్టె ముక్కను తూచి, బరువు వ్రాసికొని, ఎండలో నుంచుడు. వారమున కొకసారి తూచి చూడుడు. బరువు తరుగుట ఎప్పుడు నిలుచునో అప్పటికి కట్టె యారినదని యెరుగుడు. తరిగినదంతయు నీరే. ఆ నీటిని ఆవిరిచేయుటకు పొయ్యిలో ఎన్ని కెలోరీలు వ్యయమై యుండెడివో పైలెక్క ననుసరించి మీరే గణించి, మీ యింటివారికి చెప్పుడు.