తోకలో తండ్రి పోలిక

సికింద్రాబాద్ కార్ఖానాలో సాయంత్రం వాహనాల హోరు తగ్గదు. ఆ హోరుకు నాలుగడుగుల లోపల, రంగుచేపల దుకాణంలో గాజుతొట్టె ముందు నిలబడ్డాను. చిటికెన వేలు సగమంత మగ గప్పీ ఒకటి తోకను చీరకుచ్చిళ్లలా విప్పుకుని ఆడచేప చుట్టూ తిరుగుతోంది. వెలిసిన బూడిదరంగులో ఉన్న ఆ నిండు చూలాలు తనకేమీ పట్టనట్టు ఈదుతోంది.

ఇక్కడికి దగ్గర్లోనే, బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. గప్పీ, గంబూసియా అనే చేపలు మన దేశానికి వచ్చింది ఆ దోమల పిల్లల్ని మింగడానికే. సోకులు చూసి వచ్చిన ఉద్యోగం కాదు.

మరి ఆ సోకు ఎవరి సొత్తు? 1920లో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహనెస్ ష్మిట్ జవాబు పట్టుకున్నాడు. మగ గప్పీ వీపురెక్క మీది నల్లమచ్చ కొడుక్కి, కొడుకు కొడుక్కి ఇంటిపేరులా సాగుతోంది. కూతుళ్లలో జాడ లేదు, కూతురి కొడుకుల్లోనూ లేదు. ఆ మచ్చ కూర్చున్నది మగవాళ్లకే దక్కే వై క్రోమోజోము మీద.

మెరిసే రంగు మగచేపకు పెళ్లిబట్ట. వేటచేప కంట్లో పడితే అదే చావుచీటీ. ట్రినిడాడ్ వాగుల్లో వేటచేపలు ఎక్కువైన చోట మగవాటి రంగులు వెలవెలబోతాయని శాస్త్రవేత్త జాన్ ఎండ్లర్ 1980లో చూపించాడు. ప్రమాదమే తప్ప పెద్ద లాభం లేని రంగు ఆడచేపకెందుకు? అందుకే రంగుల జన్యువులు లింగాన్ని తేల్చే జన్యువు పక్కకు చేరితే మేలు. పక్కకు చేరాక వై తన జత క్రోమోజోము ఎక్స్‌తో పాయలు మార్చుకోవడం అక్కడ ఆగాలి. అలా ఆగిపోయిన భాగం పెరిగే కొద్దీ వై అరిగిపోతుంది. మన వై అలా చిక్కిపోయిన ముసలిది. గప్పీది మాత్రం ఇప్పటికీ ఎక్స్‌కు కవలలా నిండుగా ఉంది.

చేపల్లో ఈ చట్టం ఒక్కటే అనుకోకండి. గంబూసియాల్లోనే ఒక జాతిలో తండ్రి క్రోమోజోము లింగాన్ని తేలుస్తుంది, దాని దాయాదిలో తల్లిది. హబ్సిగూడ సీసీఎంబీ పరిశోధనశాలలోనూ పెంచే చారల జీబ్రాచేపది ఇంకో కథ. వాగుల్లో పుట్టిన వాటికి నాలుగో క్రోమోజోము మీద లింగసూత్రం ఉంది. ప్రయోగశాలల్లో తరతరాలుగా పెంచిన కొన్ని వంశాలు దాన్ని పోగొట్టుకున్నాయని 2014లో తేలింది. అయినా వాటిలో మగా ఆడా పుడుతూనే ఉన్నాయి! మన కోస్తా వాళ్లు ఇష్టంగా తినే పండుగప్పకైతే ఈ గొడవే లేదు. మగగా మొదలై, పెరిగి పెద్దయ్యాక ఆడదవుతుంది.

దుకాణంలో ఒక జత కొన్నాను. మీరూ కొంటే పిల్లల్ని వేరే తొట్టెలో పెట్టండి, లేకపోతే తల్లే తినేస్తుంది. కొడుకుల తోకకు రంగు తిరగడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది.