మందు అడిగినవాళ్ల చిట్టా

పెంటామిడిన్ అనే మందు 1981లో అమెరికా మందుల షాపుల్లో దొరికేది కాదు. న్యుమోసిస్టిస్ అనే అరుదైన న్యుమోనియా వచ్చిన రోగికి అది కావాలంటే డాక్టరు అట్లాంటాలోని సీడీసీని, అంటే ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థనే అడగాలి. ఆ మందు పంపే పని సాండ్రా ఫోర్డ్ అనే ఉద్యోగినిది. మామూలుగా అది క్యాన్సర్ రోగులకో, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకో కావాల్సి వచ్చేది. వాళ్లలో రోగనిరోధక శక్తి ఎందుకు తగ్గిందో అందరికీ తెలుసు. ఆ ఏడాది మాత్రం వయసులో ఉన్న మగవాళ్లకు అడగడం మొదలైంది. వీళ్లకెందుకు తగ్గిందంటే డాక్టర్ల దగ్గరా జవాబు లేదు. ఫోర్డ్ ఊరుకోలేదు. ఏప్రిల్‌లో ఈ సంగతి పై అధికారికి రాసి పెట్టారు.

జూన్ 5న సీడీసీ వారపత్రికలో లాస్ ఏంజెలెస్ డాక్టర్ల చిన్న నివేదిక వచ్చింది. మూడు ఆసుపత్రుల్లో ఐదుగురికి అదే న్యుమోనియా. అప్పటికే ఇద్దరు పోయారు. ఏ ఆసుపత్రికి ఆ ఆసుపత్రిలో అదొక వింత కేసు, అంతే. ఒకచోట పేర్చాకే ఎయిడ్స్ అని తర్వాత పేరు పడ్డ జబ్బు బయటపడింది.

నన్ను ఆశ్చర్యపరిచేది ఆ తర్వాతి కథ. వైరస్ దొరికినట్టు పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రకటించింది 1983 మేలో. జాగ్రత్తలు చెబుతూ సీడీసీ ప్రకటన వచ్చింది అంతకు ముందే, మార్చిలో! హీమోఫీలియా రోగులు, రక్తం ఎక్కించుకున్నవాళ్లు, మత్తుమందు సూదులు పంచుకునేవాళ్లు, జబ్బున్నవాళ్లతో లైంగిక సంబంధం ఉన్నవాళ్లు... ఎవరెవరికి వచ్చిందో రాసుకుంటూ పోతే, దొంగ ఎవరో తెలియకముందే వాడు వచ్చే దోవ తెలిసిపోయింది. అలాగని చెప్పగానే అంతా చక్కబడిపోలేదు. రక్తాన్ని పరీక్షించే సాధనం 1985లో గానీ రాలేదు. ఈలోగా ఎక్కించిన రక్తంతోనే ఎందరికో సోకింది.

ఇలాంటి చిట్టా మనకూ ఉంది. 2004లో మొదలైన ఐడీఎస్‌పీ అనే వ్యాధుల నిఘా కార్యక్రమం కింద వారం వారం మూడు రకాల ఫారాలు నింపుతూ వచ్చారు. ల్యాబులది ఎల్ ఫారం, డాక్టర్లది పి ఫారం, ఊళ్లు తిరిగే ఏఎన్ఎంలది ఎస్ ఫారం. ఇప్పుడవి కంప్యూటరెక్కాయి. ఎస్ ఫారంలో ఏఎన్ఎం జబ్బు పేరు తేల్చనక్కర్లేదు, కనిపించిన లక్షణం రాస్తే చాలు: దద్దుర్లతో జ్వరం, మూడు వారాలు దాటిన దగ్గు, నీళ్ల విరేచనాలు, కామెర్లు. వీటిలో వేటిలోనూ ఇమడని వింత లక్షణాలతో ఎవరైనా ఆసుపత్రిలో చేరినా, చనిపోయినా రాయడానికి కూడా అందులో ఒక వరుస ఉంది.