వంటనూనెలును కొలెస్ట్రాలును

మరమగ్గములను నమ్ముకొని తెలంగాణమునుండి సూరత్ చేరి, లింబాయత్ ప్రాంతమున స్థిరపడిన పద్మశాలి కుటుంబముల వంటింట ఏ నూనె కాగవలెనో నిర్ణయించునది పుట్టినయూరి అలవాటు కొంత, గుజరాతు అంగళ్ల సరకు కొంత, అన్నిటికిని మించి ధర. పల్లెలలో పల్లినూనె, నువ్వులనూనె, కుసుమనూనె ఎరిగిన నాలుకకు పల్లినూనె ఇచ్చట ‘సింగ్ తేల్’ అను పేర దొరకునుగాని, అంతకంటె చౌకయైనది ‘కపాసియా తేల్’, అనగా పత్తిగింజల నూనె. నూలు నేసి బ్రదికిన కులమునకు నేడు మగ్గముపై పాలిస్టరును, మూకుడులో పత్తియు దక్కుట విధివిలాసము కాబోలు!

పొట్లముపై ‘కొలెస్ట్రాల్ లేదు’ అని చూచి మురియువారు పెక్కురు. అది అబద్ధము కాదు, నిష్ప్రయోజనము. కొలెస్ట్రాల్ జంతుదేహములలో పుట్టు పదార్థమగుటచే గింజనుండి తీసిన ఏ నూనెయందును అది లెక్కింపదగినంత యుండదు. పామాయిలునకును ఆ బిరుదు చెల్లును. మన రక్తములోని కొలెస్ట్రాలులో అధికభాగమును శరీరమే, ముఖ్యముగా కాలేయము, తయారుచేయుచున్నది. దానిని మోయు ఎల్.డి.ఎల్. కణములను రక్తమునుండి గ్రాహకములద్వారా తిరిగి పట్టుకొనునదియు ప్రధానముగా కాలేయమే. ఈ రహస్యమును ఛేదించిన బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అను అమెరికా వైద్యులకు 1985లో నోబెల్ బహుమతి లభించినది. ఆహారమున సంతృప్తపు కొవ్వు హెచ్చినచో ఆ గ్రాహకముల పని మందగించి, ఎల్.డి.ఎల్. నెత్తుట నిలిచి, క్రమముగా ధమనుల గోడలలో పేరుకొనును. దానికి బదులు అసంతృప్తపు కొవ్వు వచ్చినచో తగ్గును.

ఈ సంతృప్తము నూటికి కొబ్బరినూనెలో సుమారు 90, పామాయిలులో 50, పత్తినూనెలో 26, పల్లినూనెలో 18, నువ్వులనూనెలో 15, కుసుమలో 10కి లోపు. పత్తినూనెలో సగము లినోలిక్ ఆమ్లమను అసంతృప్తపు కొవ్వే కనుక, శుద్ధిచేసిన దానిని పేదవాని నూనెయని ఈసడింప నక్కరలేదు. ఈసడింపవలసినది పాతకాలపు వనస్పతిని: అందలి ట్రాన్స్ కొవ్వు ఎల్.డి.ఎల్. అను చెడ్డ కొలెస్ట్రాలును పెంచుటయేగాక మంచిదానిని తగ్గించును. 2022 జనవరినుండి నూటికి 2 పాళ్లు మించరాదని మన ప్రభుత్వము కట్టడి చేసినది.

నూనె మంచిదైనంతమాత్రమున ఎంతయైన పోయవచ్చుననుట మరియొక భ్రమ. ఏ నూనెయైనను గ్రామునకు 9 కాలరీలే. రోజునకు 2,000 కాలరీలు తినువానికి సంతృప్తపు కొవ్వు 22 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ మాట. పాలు, మాంసము లెక్కకు రాకమునుపే 44 గ్రాముల పామాయిలు ఆ హద్దును ముట్టును.

కావున పొట్లము ముందువైపు ప్రగల్భములను విడిచి, వెనుకనున్న సంతృప్త, ట్రాన్స్ కొవ్వుల అంకెలను చదువుడు. వైద్యుడు మాత్ర వ్రాసియున్నచో, నూనె మార్చితిమను ధైర్యముతో దానిని మానకుడు.