ఆపరేషన్ అయినంక పాత చీటీ పనికిరాదు

"ఆపరేషన్ మంచిగనే అయింది, ఇంటికొచ్చినం. మరి పాత షుగర్ గోలీలు ఏసుకోవాల్నా, ఆపాల్నా?"

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న ఇంట్లో మొదటి రాత్రే వచ్చే ప్రశ్న ఇది. జవాబు చెప్పేవాళ్ళు మాత్రం దగ్గర ఉండరు. మన బీదరువాళ్ళకు షుగర్ గోలీలు రాసే డాక్టరు ఊర్లోనే ఉంటాడు. ఆపరేషన్‌కు మాత్రం హైదరాబాదు పోతాం. నడుమ సుమారు 140 కిలోమీటర్లు. కోసిన డాక్టరు అక్కడ, గోలీలు రాసిన డాక్టరు ఇక్కడ. డ్యూటీకి మళ్ళీ ఎక్కినంక నైట్ షిఫ్టులో చెమటలు పట్టి కళ్ళు తిరిగితే పక్కన ఉండేది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు. పక్క మిషను మీది దోస్తు, లేదా ఇంట్లో ఆడమనిషి. అందుకే ఈ సంగతి పేషెంటుతో పాటు ఇంటిల్లిపాదికీ తెలిసుండాలి.

ఒంట్లో ఏం మారుతుంది?

ఈ ఆపరేషన్లలో మనదగ్గర ఎక్కువగా వినబడేవి రెండు. స్లీవ్‌లో పొట్ట సంచిని ముప్పావు వంతు దాకా కోసి తీసేస్తారు. బైపాస్‌లో పైన చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని కింది పేగుకు కలుపుతారు. రెండింటిలోనూ తిండి బాగా తగ్గిపోతుంది. తిన్నది తొందరగా పేగులోకి దిగుతుంది. అప్పుడు పేగుల నుంచి కొన్ని హార్మోన్లు ఎక్కువగా ఊరి, ఇన్సులిన్ బాగా పనిచేసేలా చేస్తాయి. అందుకే బరువు తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే షుగర్ దిగడం మొదలవుతుంది.

ఇది కొత్తగా తెలిసిన ముచ్చట కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ తన బైపాస్ పేషెంట్ల లెక్కలు 1995లోనే అచ్చువేశాడు. షుగర్ ఉన్న 146 మందిలో 121 మందికి షుగర్ మామూలు స్థాయికి వచ్చింది.

మంచిదే. కానీ చిక్కంతా ఇక్కడే ఉంది. లోడు తగ్గినా బాయిలర్‌లో మునుపటంత బొగ్గే వేస్తే ప్రెషర్ ఏమవుతుందో మిల్లులో పనిచేసేవాళ్ళకు చెప్పనక్కర లేదు. నిన్నటి ఒంటికి రాసిన గోలీలు ఇవాళ్టి ఒంటికి ఎక్కువైపోతాయి.

ఆపరేషన్‌కు ముందు

చాలా దవాఖానల్లో ఆపరేషన్‌కు సుమారు రెండు వారాల ముందు నుంచి పల్చటి ఆహారమే తాగమంటారు. కాలేయం చుట్టు తగ్గి, సర్జన్‌కు పని సులువవుతుందని. గోలీల మార్పు ఈ రోజు నుంచే మొదలుకావాలి, ఆపరేషన్ రోజు నుంచి కాదు. రొట్టెలు తినే రోజుల్లో వేసుకున్న గ్లిమెపిరైడో, గ్లిక్లజైడో, ఇన్సులిన్ సూదో అదే డోసులో నడిపిస్తే షుగర్ గభాలున పడిపోతుంది. "రేపటి నుంచి పల్చటి తిండే. నా గోలీల డోసు ఎంత?" అని షుగర్ డాక్టరును ముందురోజే అడగాలి.

మనలో చాలామంది వేసుకునేది జోడు గోలీ. ఒక్క గోలీలో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ ఉంటాయి. ఒకటి ఆపి రెండోది ఉంచాలంటే గోలీనే మార్చాలి. కాబట్టి "తెల్ల గోలీ, పచ్చ గోలీ" అని చెప్పకుండా పట్టీలనే సంచిలో వేసుకుని పోండి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి గోలీలు షుగర్‌ను మూత్రంలో బయటికి పంపుతాయి. వీటిని ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. పల్చటి తిండి మొదలైన రోజు నుంచే ఆపించే డాక్టర్లూ ఉన్నారు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఈ మందు ఒంట్లో ఉంటే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు మిషన్‌లో షుగర్ పెద్దగా కనబడకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మాత్రం ఉంటాయి. "షుగర్ బాగనే ఉంది కదా" అని ఇంట్లో కూర్చోవద్దు.

వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ సూదులు వాడుతుంటే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అవి పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి.

కళ్ళ పరీక్ష కూడా ముందే చేయించుకోవాలి. చాన్నాళ్ళు ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే, అప్పటికే దెబ్బతిన్న కంటిపొర ఇంకా చెడే అవకాశం ఉంది.

ఇంటికొచ్చినంక

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ గోలీలను ఎక్కువగా డిశ్చార్జి నాటికే ఆపేస్తారు. ఇన్సులిన్ డోసును బాగా తగ్గిస్తారు, కొందరికి పూర్తిగా ఆపుతారు. మెట్‌ఫార్మిన్‌ను చాలామందికి కొనసాగిస్తారు. అయితే నెమ్మదిగా కరిగే పెద్ద గోలీని పొడి చేసి మింగకూడదు. మామూలు గోలీగానో ద్రవంగానో మార్చి రాయమని అడగండి.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. చిన్నతనం నుంచి ఇన్సులిన్ మీదే బతికే టైప్-1 షుగర్‌వాళ్ళు ఏ ఆపరేషన్ అయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. డోసు తగ్గుతుందేమో గానీ సూది తప్పదు.

షుగర్ మిషన్ ఇంట్లో ఉండాలి. మొదటి వారాల్లో పొద్దుగాల పరగడుపున, తిన్న రెండు గంటలకు, పడుకునే ముందు చూసి రాసుకోవాలి. డ్యూటీకి పోయేటప్పుడు కూడా ఒకసారి చూసుకోవాలి. ఎంత దాటితే ఫోన్ చేయాలో డాక్టరుతో రాయించుకోండి.

బీపీ గోలీలు, ఒంటి నీరు తీసే గోలీల డోసు కూడా మారవచ్చు. నీళ్ళు తక్కువ తాగే రోజుల్లో అవి పాత డోసులో వేసుకుంటే కళ్ళు బైర్లు కమ్ముతాయి. నడుము నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్ళకు వాటివల్ల లోపల పుండు పడుతుంది. ఆడవాళ్ళు ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బైపాస్ తర్వాత గర్భనిరోధక గోలీ సరిగా పనిచేయకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి అడగాలి.

షుగర్ పడిపోతే

వణుకు, చెమటలు, గుండె దడ, విపరీతమైన ఆకలి, మాట తడబడటం, ఊరికే కోపం రావడం ఇవన్నీ షుగర్ పడిపోయిన గుర్తులు. మిషన్‌లో 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల గ్లూకోజో, చక్కెరో కొద్ది నీళ్ళలో కలిపి గుక్కగుక్కగా తాగాలి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే తాగాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. నైట్ షిఫ్టుకు పోయేవాళ్ళు జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకోవాలి. పక్కనున్న మనిషికి విషయం చెప్పి ఉంచాలి. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

బైపాస్ అయినవాళ్ళలో కొందరికి ఏడాది దాటినంక, ఏ మందూ వేసుకోకున్నా, తీపి తిన్న గంట నుంచి మూడు గంటల్లో షుగర్ పడిపోతుంది. అలా జరిగితే బెల్లం చాయి, తీపి జావ మానేసి డాక్టరుకు చెప్పాలి.

"షుగర్ పోయింది" అనుకోవద్దు

ఏ మందూ లేకుండా కనీసం మూడు నెలలు హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువ ఉంటే రోగం అణిగిందంటారు. అణిగింది, అంతే. వేర్లు తెగిపోలేదు. అమెరికాలో 150 మందితో మొదలుపెట్టిన ఒక పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. ఐదేళ్ళకు హెచ్‌బీఏ1సీ 6 దాకా దించుకోగలిగినవాళ్ళు బైపాస్‌లో నూటికి 29 మంది, స్లీవ్‌లో 23 మంది, ఒట్టి మందులతో 5 మంది. ఆపరేషన్ మేలే, కానీ అందరికీ పూర్తిగా కాదు. బరువు మళ్ళీ పెరిగితే షుగరూ మళ్ళీ వస్తుంది. అందుకే ఏటేటా హెచ్‌బీఏ1సీ, కళ్ళు, కిడ్నీలు, పాదాలు చూపించుకోవాలి. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ గోలీలు జీవితాంతం వేసుకోవాలి. షుగర్ గోలీ ఆపినట్టు వీటిని ఆపవద్దు.

పైసల ముచ్చట

ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళకు బీమా నియంత్రణ సంస్థ నియమం ఒకటుంది. బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులోకి రాని షుగర్ లాంటి పెద్ద జబ్బు ఉండాలి. ఐదడుగుల మూడంగుళాల మనిషికి 35 అంటే సుమారు 90 కిలోలు. తెలంగాణ ఆరోగ్యశ్రీ ఆ రాష్ట్రం కార్డు ఉన్నవాళ్ళకే. మన కర్ణాటక కార్డు అక్కడ చెల్లుతుందనుకుని బస్సెక్కవద్దు. మన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కార్డు మీద ఏముందో బ్రిమ్స్‌లో అడగండి. ఈఎస్ఐ ఉన్నవాళ్ళు డిస్పెన్సరీలో అడగండి.

ఒక నోటుబుక్కు

ఇరవై రూపాయల నోటుబుక్కు ఒకటి కొనండి. మొదటి పేజీలో ఏ ఆపరేషన్, ఏ తారీఖు, రెండు ఊర్ల డాక్టర్ల ఫోన్ నెంబర్లు రాయండి. డిశ్చార్జి రోజు మంచం దిగకముందే ఈ నాలుగు ప్రశ్నలు అడిగి జవాబులు అందులోనే రాయించుకోండి: ఏ గోలీ ఆపాలి? ఏ గోలీ ఉంచాలి, ఎంత డోసు? షుగర్ ఎంత ఉంటే ఫోన్ చేయాలి? మళ్ళీ ఎప్పుడు చూపించాలి?

వారం లోపల ఆ బుక్కు బీదరు డాక్టరు బల్ల మీద పెట్టండి. పాత చీటీని మాత్రం దాని పక్కన పెట్టకండి. కొత్త చీటీ చేతికి రాగానే పాతదాన్ని చింపేయండి. చూపు ఆనని అమ్మనో, తొందరలో ఉన్న పిల్లలో ఆ పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు పోకుండా ఉంటారు.