గడప దాకా వెళ్ళి పిలుద్దాం

డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్ళమీద నక్షత్రాలు వెలుగుతాయి. గుడికి సున్నం వేస్తాం, రంగు కాగితాలు కడతాం, యౌవనస్థులు రాత్రిళ్ళు కూర్చుని పాటలు నేర్చుకుంటారు. ఇంత సందడిలో ఒక ప్రశ్న మాత్రం మరచిపోతున్నాం. ఈ పండుగకు మనం ఎవరిని పిలిచాం?

కిందటి క్రిస్మస్ నాడు మా సంఘంలో జరిగిన సంగతి సిగ్గుతోనే చెబుతున్నాం. మా పొరుగింటి పెద్దావిడ ఏటా సంక్రాంతికి మాకు అరిసెలు పంపుతుంది. మేము ఆమె మనవడి చేతికి ఒక కార్డు ఇచ్చి ఊరుకున్నాం. ఆమెకు చదువు రాదు. అయినా మనవడితో చదివించుకుని, ఉతికిన చీర కట్టుకుని గుడికి వచ్చింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక తలుపు దగ్గరే నిలబడింది. ముందు చాపమీద ఉన్న మేము గాని, వెనుక ఉన్నవారు గాని జరిగి చోటివ్వలేదు. ప్రసంగం సగంలో ఉండగానే ఆమె వెళ్ళిపోయింది. సాయంత్రం మేము కేకు తీసుకువెళితే, "మీ దేవుడు నన్నేమీ అనలేదమ్మా, మీరే పలకరించలేదు" అన్నది. ఆ రోజు మాకు అసలు ప్రసంగం అదే.

మన పల్లెల్లో పిలవని పేరంటానికి ఎవరూ వెళ్ళరు. శుభకార్యమైతే ఇంటింటికీ వెళ్ళి, కూర్చుని, పేరుపేరునా పిలుస్తాం. లోకరక్షకుని జన్మదినానికి మాత్రం ఒక కార్డు చాలునా?

యోహాను సువార్త మొదటి అధ్యాయం చదవండి. నతనయేలు సందేహపడినప్పుడు ఫిలిప్పు వాదానికి దిగలేదు, వచ్చి చూడమన్నాడు. అంద్రెయ తన సహోదరుణ్ణి వెంటబెట్టుకుని ప్రభువు దగ్గరకు తెచ్చాడు. నాలుగవ అధ్యాయంలో సమరయ స్త్రీ కుండ విడిచిపెట్టి ఊరిలోకి వెళ్ళింది. వీరెవరూ బోధకులు కారు. తాము కనుగొన్నదాన్ని దాచుకోలేకపోయారు, అంతే.

మన తెలుగు సంఘాలు పెరిగిన విధానమూ ఇదే. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసేవాడు. తాను నమ్మిన సంగతి తనవారికి, చుట్టుపక్కల ఊళ్ళవారికి చెప్పాడు. తరువాత క్లౌ దొరగారు ఆ వైపు వెళ్ళేసరికి, పేరయ్య మాట విన్నవారు ఎదురుచూస్తూ ఉన్నారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన మెదక్ దేవాలయానికి క్రిస్మస్ నాడు మతభేదం లేకుండా వేలమంది వస్తారు. అంత పెద్ద గుడి మన ఊరిలో లేకపోవచ్చు. మనసు మాత్రం చిన్నది కాకూడదు.

అయితే ఎవరిని పిలవాలి? కోతలకు, పత్తి తీతలకు పొరుగూరి నుండి వచ్చి పాకల్లో ఉంటున్న కూలి కుటుంబాలను పిలుద్దాం. కొత్త బట్టలు లేవని ఇంట్లో ఉండిపోయే మన సంఘ సభ్యులను పిలుద్దాం. ఉన్న బట్టతోనే రమ్మని చెప్పి, మనమూ ఆడంబరం తగ్గించుకుందాం. ఏదో తగవు వచ్చి గుడి మానేసిన కుటుంబం ప్రతి ఊరిలో ఒకటి ఉంటుంది. ముందుగా వారి గడప తొక్కుదాం. తప్పు మనదైతే ఒప్పుకుందాం.

పిలిచేటప్పుడు బలవంతం వద్దు. భోజనం ఆశ చూపవద్దు. వారి దేవుళ్ళను కించపరచి ఒక్క మాటా అనవద్దు. పొలం పని చూసుకుని వారికి వీలైన ఆరాధన ఏదో చెబుదాం. వచ్చినవారిని ద్వారం దగ్గరే ఎదుర్కొని మన పక్కన కూర్చోబెట్టుకుందాం. పాట వచ్చినప్పుడు పుస్తకం తీసి చూపుదాం. కానుక పళ్ళెం వచ్చినప్పుడు, వేయకపోయినా ఫరవాలేదని మెల్లగా చెబుదాం. ఆరాధన ముగిశాక మన బంధువులతో మాటల్లో పడి వారిని మరువవద్దు.

ఈ సంవత్సరం మేమిద్దరం ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాం. కిందటేటి తప్పుకు క్షమించమని అడిగి, గుడికి రమ్మని పిలిచాం. "చూద్దాంలే అమ్మా" అన్నది. వస్తుందో రాదో ప్రభువుకే తెలుసు. చాపమీద మా పక్కన చోటు మాత్రం ఉంచుతాం.

ప్రియులారా, మీ పక్కన ఎవరికి చోటు ఉంచుతున్నారు? ప్రభువు మనకు పిలిచే నోటిని, చోటిచ్చే మనసును దయచేయును గాక. ఆమేన్.